బండి ఆమె పేరునే ఉంది

నందిగామకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊళ్లో, పొదుపు సంఘం మీటింగు అయిపోయాక, ఒకామె నన్ను తన ఇంటికి తీసుకెళ్లింది. బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆధార్ కార్డులు, పిల్లల మార్కుల లిస్టులు, వాటితో పాటు ఒక డీజిల్ పికప్ బండి కాగితాలు ఉన్నాయి. "చూడండి మేడం, బండి నా పేరునే ఉంది" అంది. ఆ ఇంట్లో ఆమె పేరున ఉన్న వాటిలో అన్నిటికంటే ఖరీదైనది అదే.

"తాళం ఎక్కడుంటుంది?" అని అడిగాను.

"ఆయన దగ్గర."

"కిరాయి డబ్బులో?"

"ఆయనే చూసుకుంటాడు."

"మరి వాయిదా?"

"అది మాత్రం నా ఖాతాలోంచే పోద్ది" అని నవ్వింది.

ఆ మూడు జవాబుల గురించే ఈ వ్యాసం.

మర్నాడు తెల్లవారి ఆ బండిని మళ్లీ చూశాను. మిరపకోతల రోజులు. ఊరి సెంటర్లో ఇరవై మందికి పైగా ఆడకూలీలు, కారియర్లూ నీళ్ల సీసాలూ పట్టుకుని, వెనక తొట్టెలోకి ఎక్కుతున్నారు. చివర ఎక్కినామె కిందటి సాయంత్రం నాకు కాగితాలు చూపించినామే. ముందు సీట్లో భర్త స్టీరింగు దగ్గర, పక్కన ముఠా మేస్త్రి, అతని బంధువొకడు. బండి యజమాని తన బండి వెనక తొట్టెలో, అందరితో పాటు కడ్డీ పట్టుకుని నిలబడి, కూలికి వెళ్లింది.

ఈ మెట్ట ప్రాంతం సంగతి తెలియని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. జనం మాత్రం ఇంకా కృష్ణా జిల్లా అనే అంటారు. కృష్ణా డెల్టాలో లాగా ఇక్కడ కాలవల కింద వరి ప్రధానం కాదు. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు మండలాల్లో పత్తి, మిరప ముఖ్యం. రెండూ ఏరాల్సిన పంటలే, రెండూ ఆడవాళ్ల వేళ్ల మీద నడిచే పంటలే. ఊళ్లో చేతులు చాలకపోతే పక్క ఊళ్ల నుంచీ, సరిహద్దు అవతల నుంచీ కూలీలను తెస్తారు. పండిన మిరప గుంటూరు యార్డుకు వెళ్లాలి, పత్తి మిల్లుకు వెళ్లాలి. మనుషుల్నీ సరుకునీ ఇన్ని దిక్కులకు చేర్చే పని ఒకప్పుడు ఎడ్లబండిదీ ట్రాక్టరుదీ. 2005లో టాటా ఏస్ వచ్చాక చిన్న బండ్ల కాలం మొదలైంది. ఇప్పుడు ఊరికి నాలుగైదయినా ట్రాలీలు, బొలెరో పికప్పులు కనిపిస్తాయి. పొలం ఎటూ గిట్టడం లేదు కాబట్టి బండి కొంటే నాలుగు డబ్బులు చూడొచ్చునన్నది ఎకరం రెండెకరాల కుటుంబాల ఆశ.

ఆ ఆశ ఎవరి పేరున, ఎవరి అప్పుతో కొనబడుతోందన్నది మనం పెద్దగా అడగలేదు. మన సర్వేలూ అడగవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్త్రీని విడిగా అడుగుతుంది: ఇల్లు మీ పేరున ఉందా, భూమి ఉందా, మీరే వాడుకునే బ్యాంకు ఖాతా ఉందా, ఫోను ఉందా అని. బండి దగ్గరకు వచ్చేసరికి ప్రశ్న మారిపోతుంది. ఈ కుటుంబానికి సైకిలు ఉందా, స్కూటరు ఉందా, కారు ఉందా అంటుంది. జనాభా లెక్కలదీ అదే తీరు. బండి కుటుంబానిది అని రాసుకున్న మరుక్షణం ఆ కుటుంబంలో ఎవరు ఎవరన్న ప్రశ్న మాయమవుతుంది. భూమి విషయంలో ఈ మాయను మనం గుర్తించాం. 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చినప్పుడు, 2005లో అదే దేశమంతటికీ వచ్చినప్పుడు, "కాగితం మీద పేరు చాలదు, సాగు మీద అదుపు కావాలి" అని రాసుకున్నాం. పల్లెలో పది లక్షల రూపాయల ఆస్తి ఇప్పుడు చక్రాల మీద తిరుగుతోంది. మన ఆలోచన మాత్రం ఇంకా పొలం గట్టు దాటలేదు.

నేను తిరిగిన ఊళ్లలో రెండు పద్ధతులు కనిపించాయి. మొదటిదాంట్లో బండి మగవాడి పేరున ఉంటుంది. ముందు కట్టాల్సిన లక్షా రెండు లక్షలు మాత్రం ఆమె సంఘంలో తెచ్చిన అప్పు, ఆమె మెడలోని బంగారం మీద తెచ్చిన అప్పు. సంఘం అప్పుకు తోటి సభ్యులంతా పూచీ. అంటే అప్పు పదిమంది ఆడవాళ్లది, ఆస్తి ఒక మగవాడిది. అతను చనిపోతేనో వదిలేస్తేనో బండి మరిది వాకిట్లోకి పోతుంది, వాయిదా మాత్రం ఆమె గడపలోనే ఉంటుంది.

రెండోది ఈ పదేళ్లలో పెరిగింది. బండి ఆమె పేరునే కొంటారు. ఇదేదో స్త్రీల హక్కుల స్పృహ వల్ల అనుకుంటే పొరపాటు. ఒకామె నాతో ఉన్న మాట చెప్పింది: "మా ఆయనకి సిబిల్ లేదంట మేడం, అందుకని నా పేరు పెట్టారు." అతను పాత అప్పు ఎగ్గొట్టాడు. ఆమె సంఘంలో పదిహేనేళ్లుగా ఒక్క వాయిదా తప్పలేదు. ఆమె క్రమశిక్షణను బ్యాంకు పరపతిగా మార్చింది, కుటుంబం దాన్ని బండిగా మార్చుకుంది, ఆమె ఎక్కడుందో అక్కడే ఉంది. ఆడవాళ్లకు రుణాలిచ్చాం అని చెప్పుకునే ప్రతి లెక్కలోనూ ఇలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో ఎవరైనా విడదీసి చూడాలి.

పేరుంటే నష్టమేముంది, ఏదో ఒక రోజు పనికొస్తుంది కదా అంటారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. మోటారు వాహనాల చట్టం దగ్గర పెట్టుకుని చదివితే ఆ నిశ్చింత పోయింది.

1988 నాటి ఆ చట్టం ప్రకారం యజమాని అంటే ఎవరి పేరున రిజిస్టరు అయిందో వాళ్లే. బండి ఫైనాన్సులో ఉంటే, ఆ ఒప్పందం కింద బండిని తమ స్వాధీనంలో ఉంచుకున్నవాళ్లే. ఎవరు నడుపుతున్నారు, కిరాయి ఎవరు తీసుకుంటున్నారు అన్నది అక్కడ ప్రశ్న కాదు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం కేసులో ప్రతివాది ఆమె. 2019 సవరణలో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడితో పాటు యజమాని కూడా దోషే. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. తనకు తెలియకుండా జరిగిందని, ఆపడానికి తగినంత ప్రయత్నం చేశానని రుజువు చేసుకోవాల్సింది ఆమే. పదో తరగతి తప్పిన కొడుకు తండ్రి జేబులోంచి తాళం తీసుకుపోతే, ఆ తాళం ఎన్నడూ ముట్టుకోని తల్లి కోర్టుకు వెళ్లాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ వెనక తొట్టె. పికప్ సరుకు వాహనం. అందులో మనుషుల్ని ఎక్కించడం చట్ట విరుద్ధం. ఎక్కించాక ప్రమాదం జరిగితే ఏమవుతుంది? 2002లో ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: సరుకు వాహనంలో ప్రయాణికులుగా వెళ్లేవారికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదు. 1994 సవరణ తరువాత సరుకు సొంతదారుకూ అతని ప్రతినిధికీ రక్షణ ఉంది. అంటే తన టిక్కీలతో పాటు యార్డుకు వెళ్లే రైతుకు బీమా ఉంది. ఆ కాయలు కోసిన కూలీకి లేదు. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీనే కట్టమని, తరువాత యజమాని దగ్గర రాబట్టుకోమని చెబుతాయి. అప్పుడు కూడా చివరికి భారం పడేది యజమాని మీదే, అంటే సి బుక్కులో పేరున్న ఆమె మీదే.

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో మిరపకోతకు వెళ్తున్న ట్రాక్టరు కాలవలో పడి తొమ్మిది మంది కూలీ స్త్రీలు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకొక ట్రాక్టరు మూసీ కాలవలో పడి 15 మంది పోయారు. వాళ్లలో దాదాపు అందరూ స్త్రీలే. అవి ట్రాక్టర్లు, ఇవి పికప్పులు. ఎక్కే మనుషులు వాళ్లే, ఎక్కడానికి కారణమూ ఒకటే. తెల్లవారుజామున పొలం దగ్గరికి బస్సు లేదు. నడిచి వెళితే కూలి రాదు. అలాంటి ప్రమాదం మన ఊళ్లో జరిగితే ఒక పక్క చనిపోయిన కూలీల పిల్లలు, ఇంకో పక్క వాళ్లతో పాటే పొదుపు కట్టిన బండి యజమానురాలు కోర్టులో ఎదురెదురుగా నిలబడతారు. బండి నడిపినవాడు, కిరాయి ఇచ్చిన రైతు, మనిషికింతని కమీషను తిన్న మేస్త్రి, అప్పిచ్చిన ఫైనాన్సు వీళ్లెవరూ అంతగా కనిపించరు. ఒక పేద స్త్రీ నష్టానికి ఇంకొక పేద స్త్రీ జవాబుదారీ అవుతుంది.

ఇక ఆమె తానే ఆ తొట్టెలో ఉంటే? ఆమె యజమాని కాబట్టి తన బండి మీద తాను పరిహారం అడిగే మూడో మనిషి కాదు. యజమానికి విడిగా 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది కదా అనొచ్చు. అది లైసెన్సు ఉండి బండి నడిపే యజమానికి వర్తించే బీమా. ఆమెకు లైసెన్సు లేదు. అంటే యజమానిగా ఆమెకు బాధ్యతంతా ఉంది, రక్షణ లేదు. కూలీగానూ రక్షణ లేదు. ఆ తెల్లవారుజామున నేను చూసిన దృశ్యానికి చట్టం చెప్పే అర్థం ఇది.

ఈ మాటలన్నీ ఒక కార్యకర్తల సమావేశంలో చెబితే, "అయితే ఆడవాళ్ల పేరున బండ్లు కొనొద్దని చెప్పేద్దామా?" అని ఒక మిత్రురాలు అడిగింది. వద్దని నా అభిప్రాయం. అప్పు ప్రమాదం, ఆస్తి ప్రమాదం, రోడ్డు ప్రమాదం అంటూ ఆడవాళ్లను ఇంటి దగ్గరే ఉంచే పాత వాదన ఇంకో రూపంలో వస్తుంది. పేరు వదులుకుంటే బాధ్యత తప్పుతుంది గానీ అప్పు తప్పదు. మొదటి పద్ధతిలో చూశాం కదా. పేరును వదలడం కాదు, పేరు వెనక ఉండాల్సినవన్నీ రాబట్టుకోవడం మన పని.

ఇంకొక మిత్రురాలిది వేరే ప్రశ్న. డీజిలు బండి, సొంత ఆస్తి, వాయిదాలు, ఇవన్నీ స్త్రీవాదులు కోరాల్సినవేనా, అందరికీ బస్సు కావాలని కదా మనం అడగాల్సింది అంది. బస్సు కావాలి, అందులో సందేహం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్ని తక్కువ చేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆసుపత్రికీ కాలేజీకీ పుట్టింటికీ ఎవరినీ డబ్బు అడగకుండా వెళ్లగలగడం చిన్న విషయం కాదు. అయితే ఆ బస్సు రోడ్డు మీద ఆగిపోతుంది, పొలం దాకా రాదు, మిరప టిక్కీ ఎక్కించుకోదు. పైగా ప్రయాణికురాలి హక్కు వేరు, యజమాని హక్కు వేరు. తొంభైల మొదట్లో పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది స్త్రీలకు సైకిలు నేర్పినప్పుడు, ఎవరినీ అడగకుండా ఎక్కడికి వెళ్లాలో, ఎప్పుడు రావాలో తామే తేల్చుకోవడం వాళ్ల చేతికి వచ్చింది. ఆ ఉద్యమం గురించి మనమంతా సంతోషంగా మాట్లాడుకున్నాం. అదే ప్రశ్నను ఇప్పుడు నాలుగు చక్రాల బండి దగ్గర అడగడానికి ఎందుకు వెనకాడాలి?

ప్రభుత్వాలు బండ్లు ఇవ్వలేదా అంటే ఇచ్చాయి. 2021 జనవరిలో విజయవాడలో మొదలుపెట్టి ఇంటింటికి రేషను అందించడానికి రాష్ట్రమంతటా 9,260 బండ్లను కార్పొరేషన్ల ద్వారా సబ్సిడీ మీద నిరుద్యోగ యువతకు ఇచ్చారు. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతిని ఎత్తేశారు. ఆ పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. నా ప్రశ్న చిన్నది. యువత అన్నప్పుడు ఎంతమంది కళ్ల ముందు ఆడపిల్ల మెదిలింది? బండి పథకం అనగానే మగవాడు, కుట్టుమిషను పథకం అనగానే ఆడది. నలభై ఏళ్ల స్వయం ఉపాధి పథకాల తరువాత కూడా ఈ గీత చెరగలేదు.

అందుకని చర్చకు కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, సంఘం అప్పు బండికి పోతున్నప్పుడు బండి ఆమె పేరునో ఉమ్మడిగానో ఉండాలని సంఘమే తీర్మానం చెయ్యాలి. పదిమంది పూచీ పడేటప్పుడు పదిమందికీ అడిగే హక్కు ఉంది. భర్త పేరునే ఉంటే కనీసం నామినీగా ఆమె పేరు రాయించాలి. 2021 నుంచి రిజిస్ట్రేషన్‌లో నామినీ పేరు నమోదు చేసుకునే వీలుంది.

రెండు, లెక్క. ఎనిమిది లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, 60 నెలలు అనుకుంటే వాయిదా 17,400 దాకా పడుతుంది. మొత్తం కట్టేది దాదాపు 10 లక్షల 44 వేలు. మిరపకోతల రోజుల్లో కిరాయిలు వస్తాయి, వానాకాలంలో తగ్గిపోతాయి. వాయిదాకు మాత్రం కాలాలు లేవు. నందిగామ నుంచి గుంటూరు యార్డుకు పోను రాను 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పన్నెండు లీటర్లకు తక్కువ కాదు. డీజిలు, టోలు, టైర్లు, ఏటేటా బీమా, ఫిట్‌నెస్ తీసేస్తే మిగిలేదెంతో రాయడానికి ఒక నోటుబుక్కు చాలు. సంఘం పుస్తకాలు రాసే చేతికి కిరాయి పుస్తకం కష్టం కాదు. కిరాయి ఆమె ఖాతాలోకే రావాలని మొదటి రోజే మాట్లాడుకోవాలి. వాయిదా పోయే ఖాతాలోకే ఆదాయమూ రావాలనడంలో గొడవేముంది?

మూడు, లైసెన్సు. 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని మామూలు ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. గ్రాస్ బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. అంటే కారు నేర్చుకున్న అమ్మాయికి చిన్న పికప్ నడపడానికి చట్టంలో అడ్డంకి లేదు. అడ్డంకులు డ్రైవింగు స్కూల్లో, సెంటర్లో, ఇంట్లో ఉన్నాయి. టైలరింగు శిక్షణలకు ఖర్చు పెట్టే సంస్థలు అందులో కొంత ఇటు మళ్లించాలి.

నాలుగు, సీజింగ్. వాయిదా తప్పితే మనుషుల్ని పంపి బండి లాక్కుపోవడం చట్టం కాదు. ఫైనాన్సు బండిని కూడా బలప్రయోగంతో స్వాధీనం చేసుకోకూడదని, చట్టప్రకారమే తీసుకోవాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. 2010లో మైక్రోఫైనాన్సు వేధింపులు భరించలేక స్త్రీలు ప్రాణాలు తీసుకున్న రాష్ట్రంలో ఈ మాట ప్రతి సంఘానికీ తెలిసి ఉండాలి.

ఐదు, తొట్టె. ఇది బండి ఉన్న స్త్రీ ఒక్కతే తేల్చుకోగలిగింది కాదు. నా బండిలో కూలీలను ఎక్కించను అని ఆమె అంటే, వాళ్లు పక్కింటి ట్రాక్టరు ఎక్కుతారు. కూలీలను తీసుకెళ్లే బాధ్యత, సీట్లున్న బండి, వాళ్లకు బీమా, ఇవి పని ఇచ్చే రైతు చెల్లించే కూలి ఒప్పందంలో భాగం కావాలి. మిరపకోతల కాలంలో పొలాల దారుల్లో పొద్దున్నే బస్సులు నడపమని ఆర్టీసీని అడగాలి. కూలి రేటు మీద పోరాడే సంఘాలు కూలికి చేరే దారి మీద కూడా పోరాడాలి.

ఆ కాగితాలు చూపించినామెను రెండు నెలల తరువాత మళ్లీ కలిశాను. బీమా సంగతీ, తొట్టె సంగతీ ఆమెకు వివరంగా చెప్పాను. చెప్పేటప్పుడు నాకే కొంత తప్పుగా అనిపించింది, ఉన్న ఒక్క సంతోషాన్ని చెడగొడుతున్నానేమోనని. ఆమె అంతా విని, చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత, "ఇవన్నీ సంతకం పెట్టించుకునేటప్పుడు ఎందుకు చెప్పరు మేడం?" అని అడిగింది.

ఆ ప్రశ్న బ్యాంకుకు, ఫైనాన్సుకు, షోరూముకు వెయ్యాల్సిందే. కానీ ఆమె అడిగింది నన్ను. ఆమె సంఘంలో ఇరవై ఏళ్లుగా సంతకాలు నేర్పింది మనమే. ఎక్కడ పెట్టాలో నేర్పాం, పెట్టేముందు ఏమి అడగాలో నేర్పలేదు. వచ్చే మీటింగుకు ఆమె తన కవరు తెస్తానంది, ఇంకో నలుగురిని కూడా వాళ్ల బండి కాగితాలతో రమ్మని చెబుతానంది. అక్కడ అడగాల్సిన మొదటి మూడు ప్రశ్నలు మనకు తెలుసు: తాళం ఎవరి దగ్గరుంది, కిరాయి ఎవరి చేతికొస్తోంది, వాయిదా ఎవరి ఖాతాలోంచి పోతోంది. మూడింటికీ ఒకే పేరు జవాబుగా వచ్చిన రోజున బండి ఆమెది అని రాసుకుందాం.